ఏ పేజీలో? – స్త్రీల పత్రికలూ, వార్తల పక్షపాతమూ

పత్రికల పక్షపాతం అనగానే మన చర్చ రాజకీయ పార్టీల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఏ పత్రిక ఏ నాయకుణ్ణి మోస్తున్నది, ఏ ఉపన్యాసాన్ని మింగేసింది, ఏ వార్తకు రంగు పూసింది అని లెక్కలు తీస్తాం. అవి తీయవలసిన లెక్కలే. కాని ఒక్క అబద్ధం అచ్చువేయకుండా కూడా పత్రిక పక్షపాతం చూపగలదు. పత్రికారచన చదువుకునేవాడికి మొదట నేర్పే ప్రశ్నలు ఆరు: ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. ఆ చదువు చదువుతూ పత్రికలు తిరగేస్తున్న నాకు ఏడో ప్రశ్న ఒకటి ఉన్నదనిపించింది: ఏ పేజీలో? స్త్రీల విషయంలో పత్రికల పక్షపాతం ప్రధానంగా ఈ ఏడో ప్రశ్నలోనే ఉన్నది.

మా జి.కొండూరుకు పడమరగా నందిగామ, జగ్గయ్యపేటల దాకా పరచుకున్న కృష్ణా మెట్టలో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. (2022 నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.) మిరపకాయ పత్రికలో ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూడండి. గుంటూరు యార్డులో క్వింటాలు ఎంత పలికిందో వ్యాపారం పేజీలో ఉంటుంది. తామరపురుగు బెడద వ్యవసాయం పేజీలో ఉంటుంది. పండుమిరప పచ్చడి పెట్టే పద్ధతి స్త్రీల పేజీలో ఉంటుంది. కారం పొట్లం ప్రకటన ఆ పక్కనే ఉంటుంది. మరి ఆ కాయ కోసిన చెయ్యి ఎక్కడ? తెల్లవారకముందే ఆటో ఎక్కి పోయి, ఎండలో నడుము వంచి కాయ కోసి, కల్లంలో తాలు ఏరి, మండే చేతులతోనే పిల్లలకు అన్నం కలిపే కూలిమనిషి ఏ పేజీలో ఉంది?

వ్యవసాయం పేజీలో 'రైతు' అంటే మగవాడు. అక్కడ ఆమె సాగు ఖర్చుల పద్దులో ఒక అంకె. లేదా 'కూలీల కొరత' అనే శీర్షిక కింద ఒక ఫిర్యాదు. స్త్రీల పేజీలో 'మహిళ' అంటే వంటగది, బీరువా, అద్దం ఉన్న ఇంటావిడ. ఈ రెండు పేజీల మడతలో కూలిస్త్రీ జారిపోయింది. ఆమె వార్తగా మారేది ఆటో బోల్తాపడిన రోజున. ఆ రోజున జిల్లా పేజీలో ఆమె ఫొటో వస్తుంది, ఊరి పేరు వస్తుంది, వయస్సు వస్తుంది. ఆమెకు ముట్టే కూలి ఎంత, పక్క చాలులో మగవాడికి ముట్టే కూలి ఎంత అన్నది రాదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చిందన్న సంగతి అసలే రాదు. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు. ఎవరి పేజీ వారు శ్రద్ధగా నింపుకున్నారు.

దీనికి విలేకరి బుద్ధిని నిందించి లాభం లేదు. పాఠకుడిచ్చే వెలతో పత్రిక ఖర్చు గిట్టదు. ప్రకటనలే దాన్ని నిలబెడుతున్నాయి. కనక పత్రిక వార్తలను పాఠకులకు అమ్ముతూనే, పాఠకులను ప్రకటనదారుకు అమ్ముతుంది. ఆ బేరంలో చీరలూ నగలూ సబ్బులూ కొనగలిగిన స్త్రీకి విలువ ఉంది, మిరపకోత కూలికి లేదు. పల్లె విలేకరికి జీతం బదులు అచ్చయిన వార్తను కొలిచి 'లైన్ అకౌంట్' కింద డబ్బు ఇవ్వడం తెలుగు దినపత్రికల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. అచ్చుకాని కూలిరేటు కోసం పొలాలెంట తిరగమంటే అతను మాత్రం ఎందుకు తిరుగుతాడు?

అయితే స్త్రీల పత్రికలు పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉన్నాయనుకోవడం పొరపాటు. 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని' పెట్టినప్పుడు అందులో స్త్రీ బోధ వినవలసిన మనిషి. 1902లో సత్తిరాజు సీతారామయ్య 'హిందూ సుందరి' ప్రారంభించాక ఆమె బోధ వినే స్థానం నుంచి లేచి తానే కలం పట్టింది. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' తెచ్చారు. పేరు చూస్తే ఇల్లు దాటని పత్రికే అనిపిస్తుంది. కాని కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' వచ్చింది అందులోనే. చెలికత్తెకు ఉత్తరం రాస్తున్నట్టుగా ఆమె బాల్యవివాహ నిరోధ చట్టాన్నీ, స్త్రీల హక్కులనూ, జాతీయోద్యమాన్నీ చర్చించారు. కేసరిగారిది మందుల వ్యాపారమన్నదీ, స్త్రీల మందు 'లోధ్ర' ఆయన కుటీరానిదేనన్నదీ మరిచిపోనక్కరలేదు. పెట్టుబడి అప్పుడూ ఉంది. కాని రాజకీయం వేరు, ఇల్లు వేరు అనే గోడ పేజీల మధ్య ఇంకా ఇంత ఎత్తుకు లేవలేదు.

ఆ గోడ సాహిత్య చరిత్రలో ఎంత నష్టం చేసిందో చూపడానికి మా మెట్టలోనే ఒక ఉదాహరణ ఉన్నది. నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, తిరుపతమ్మ తిరునాళ్లకు పేరుపడిన ఊరు పెనుగంచిప్రోలు. 1874లో భండారు అచ్చమాంబ అక్కడ పుట్టారు. కొమర్రాజు లక్ష్మణరావుకు అక్క. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి స్త్రీల జీవితాలను చరిత్రకు ఎక్కించారు. ముప్పయ్యేళ్లకే, 1905లో చనిపోయారు. ఆమె కథ 'ధన త్రయోదశి' 1902లో హిందూ సుందరిలో వచ్చింది. పేదరికంలో తప్పటడుగు వేసిన భర్తను భార్య సరిదిద్దే కథ అది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. అందులోనూ భార్య భర్తను సరిదిద్దుతుంది. దశాబ్దాల తరబడి మన పాఠ్యపుస్తకాలూ, సాహిత్య చరిత్రలూ రెండోదాన్నే తొలి కథ అన్నాయి.

గురజాడ శిల్పమూ, వాడుక భాషా తెచ్చిన మలుపును ఎవరూ కాదనలేరు. 'తొలి' అనే కిరీటం ఎవరి నెత్తిన ఉండాలన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఎనిమిదేళ్ల ముందటి కథను విమర్శకులు చదివి, తూచి, పక్కనపెట్టి ఉంటే అది విమర్శ అనిపించుకునేది. చాలాకాలం అది తూకానికే రాలేదు. స్త్రీల పత్రికలో వచ్చినది స్త్రీల వ్యవహారమే గాని సాహిత్య వ్యవహారం కాదన్న భావన ఇందుకు ఒక ముఖ్య కారణమని నేననుకుంటున్నాను. ఏ పేజీలో అన్న ప్రశ్న ఒక రచయిత్రిని చరిత్ర అంచుకు నెట్టింది. ఆమెను మళ్లీ వెలుగులోకి తెచ్చినది ప్రధానంగా స్త్రీల రచనలను వెదుక్కుంటూ వెళ్లిన తర్వాతి పరిశోధకులు.

పేజీల గోడ బద్దలైన సందర్భమూ ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులు స్త్రీలను ఒకచోట చేర్చాయి. అక్కడి నుంచి సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 'ఈనాడు' దాన్ని భుజానికెత్తుకుని పెద్ద ఎత్తున అచ్చువేసింది. కూలి స్త్రీలు మొదటి పేజీకి వచ్చారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వమే ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. సారా పాకలను మూయించిన స్త్రీలు ఆ రోజున ఏమన్నారు, ఆ మాట ఏ పత్రికలో ఏ పేజీలో వచ్చింది? విద్యార్థులు పాత సంచికలు దింపి చూడవలసిన విషయమిది. మొదటి పేజీకి పిలిచే అధికారం యజమానిదైతే, పంపించే అధికారమూ అతనిదే అవుతుంది.

ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. 1970 మార్చి 18న న్యూయార్కులో వందమందికి పైగా స్త్రీలు 'లేడీస్ హోమ్ జర్నల్' అనే మహిళా పత్రిక కార్యాలయంలో పదకొండు గంటలు బైఠాయించారు. స్త్రీలు చదివే పత్రికకు మగవాడు సంపాదకుడేమిటని నిలదీశారు. చివరికి దక్కింది ఆ ఆగస్టు సంచికలో ఎనిమిది పేజీలు. అది విజయమే. కాని కోరింది పత్రికను. ఇచ్చింది ఒక అనుబంధాన్ని.

స్త్రీల పేజీని ఎత్తివేయాలంటారా అని అడగవచ్చు. అనను. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ 1952 నుంచి దశాబ్దాల పాటు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' నడిపారు. వంటల పక్కనే లోకజ్ఞానం, ప్రశ్నలకు జవాబులు ఉండేవి. ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నను ఉత్తరం ముక్క మీద రాసి అడిగే చోటు అది. దాన్ని 'వంటల పేజీ' అని పెదవి విరిచిన విమర్శకులు ఆ ఉత్తరాల్లో ఒక తరం స్త్రీల గొంతును వినకుండా పోగొట్టుకున్నారు. 1993లో హైదరాబాదు నుంచి మొదలైన 'భూమిక' స్త్రీల పత్రిక అంటే స్త్రీ దృక్పథంతో లోకాన్ని చూసే పత్రిక అని చూపింది. ఒక గది ఉండడం నేరం కాదు. మిగతా గదులకు తాళం వేసి, నీకు గది ఇచ్చాం గదా అనడం నేరం.

ఈ నేరంలో అభ్యుదయ పత్రికలమైన మనకూ వాటా ఉంది. మార్చి 8కి ప్రత్యేక సంచిక తెచ్చి, మిగతా పదకొండు నెలలూ సిద్ధాంత వ్యాసాలు మగవాళ్లకు, 'అనుభవాలు' స్త్రీలకు పంచిపెడితే అది కూడా స్త్రీల పేజీయే. పెద్ద పత్రికలది ప్రకటనల నిర్బంధం. మనకు ప్రకటనలు లేవు. మరి మన నిర్బంధమేమిటి?

విద్యార్థులు ఒక ఏడాది పత్రికలు ముందు వేసుకుని స్త్రీల పేజీలో ఏముందో లెక్కిస్తే సరిపోదు. పత్తి ధర వార్తలో పత్తి తీసిన మనిషి ఉన్నదా, సిమెంటు కర్మాగారం వార్తలో ఆ దుమ్ములో బతికే పల్లె ఆడవాళ్ల మాట ఉన్నదా అని వెదకాలి. రచయితలు మిరప తోటలోకి కథ కోసం వెళ్లినప్పుడు ఆమె కష్టానికి కన్నీరు పెట్టి తిరిగిరాకుండా, ఆమె కూలి ఎంతో కూడా అడిగి రాయాలి. ఆ అంకె అచ్చయ్యే పేజీ మన పత్రికలో ఏదో ముందు మనం తేల్చుకుందాం.