బొమ్మలో క్యారట్, పెరట్లో చిక్కుడుపాదు

పిల్లలచేత కూరలు తినిపించాలంటే బొమ్మల పుస్తకాలు చూపించండని ఇప్పుడు అందరూ సలహా చెబుతున్నారు. మంచి సలహానే. అయితే ఏ పుస్తకం అన్న దగ్గరే నాకు పేచీ.

మన అక్షరాల పుస్తకాలే తీసుకోండి. వ అంటే వంకాయ. తొడిమతో సహా నిగనిగలాడుతూ ఉంటుంది. మొక్క ఉండదు, పువ్వు ఉండదు, మట్టి అసలే ఉండదు. పేరు నేర్పటానికి అది చాలు. కానీ పేరు వచ్చినంత మాత్రాన పిల్లవాడు వంకాయ నోట పెడతాడా? కంచంలో ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టేటప్పుడు ఆ పేరుతోనే వద్దంటాడు!

రూత్ క్రౌస్ అనే అమెరికన్ రచయిత్రి 1945లో ‘ది క్యారట్ సీడ్’ అని చిన్న పుస్తకం రాసింది. బొమ్మలు క్రాకెట్ జాన్సన్ వేశాడు. ఒక పిల్లవాడు క్యారట్ విత్తనం నాటుతాడు. అమ్మ, నాన్న, అన్న అందరూ అది మొలవదనే అంటారు. వాడు మాట్లాడడు. రోజూ కలుపు తీస్తాడు, నీళ్ళు చల్లుతాడు. పేజీ తిప్పినా ఏమీ రాదు. మళ్ళీ తిప్పినా ఏమీ రాదు. చివరికి వస్తుంది, తోపుడుబండిలో వేసుకుని తీసుకుపోవలసినంత క్యారట్! తింటే కళ్ళకు మంచిదన్న ముక్క ఇందులో ఎక్కడా లేదు. ఎదురుచూడటం ఒక్కటే ఉంది. తాను ఎదురుచూసి పెంచిన దాన్ని రుచి చూడనంటాడా పిల్లవాడు?

1969లో ఎరిక్ కార్ల్ వేసిన గొంగళిపురుగు పుస్తకం దీనికన్నా పేరుపడ్డది. శనివారం కేకూ, ఐస్‌క్రీమూ, సాసేజీ అన్నీ లాగించి కడుపునొప్పి తెచ్చుకున్న పురుగు ఆదివారం ఒక పచ్చటి ఆకు తిని తేరుకుంటుంది. పేజీల్లో చిల్లులుంటాయి, పిల్లల వేళ్ళు అందులోనే ఉంటాయి. సరదా పుస్తకం. తోటపని పాఠంగా మాత్రం పనికిరాదు. మన లంకల్లో కూరగాయలు పండించే రైతుకు చూపిస్తే ముందు ఆ పురుగును ఏరి పారేయమంటాడు.

సరే, క్యారట్ పుస్తకమే కొన్నామనుకోండి. క్యారట్ చల్లదనం కోరే పంట. రాజమండ్రి ఎండల్లో, ఏప్రిల్ నెలలో, డాబా మీద తొట్టెలో గింజ వేస్తే పుస్తకంలో అన్నగారి మాటే నిజమవుతుంది. పిల్లవాడికి మొక్కల మీదా, పుస్తకం మీదా ఒకేసారి నమ్మకం పోతుంది. అందుకని కథ క్యారట్‌ది చదివినా చేతికి మాత్రం గుప్పెడు మెంతులివ్వండి. మూడు నాలుగు రోజుల్లో మొలకెత్తుతాయి. ఆ వయసుకి అంతకన్నా ఓపిక ఉండదు. తర్వాత బీరగింజ. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బడి నుంచి వచ్చాక తీరిగ్గా చూడొచ్చు. కొన్ని పువ్వుల కింద బుల్లి పిందె ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఎందుకని అడిగిన పిల్లకి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

ఇంత కథ మన పెరట్లో ఉండగా బొమ్మలు వేసేవాళ్ళు యాపిల్ పండు దగ్గరే ఆగిపోతారెందుకో! పక్కనే కడియం నర్సరీల నిండా మొక్కలు. పెళ్ళిళ్ళలో కంద బచ్చలి కూర లేకపోతే మనవాళ్ళు ఊరుకోరు. ఇక చిక్కుడు సంగతి చూడండి. వానల్లో గింజ పెడితే పందిరెక్కి, చలికి పూసి, రథసప్తమినాటికి కాయలిస్తుంది. ఆ కాయలతో రథం కడతాం, ఆ ఆకుల్లోనే పరమాన్నం పెడతాం. గింజ దగ్గర మొదలై రథం దగ్గర పూర్తయ్యే పదహారు పేజీలు! బొమ్మలు చక్కగా వేసే అమ్మాయి ఎవరైనా పూనుకుంటే మొదటి ప్రతి నేను కొంటాను. రెండోది మా పక్కింటావిడ చేత కొనిపిస్తాను.