నౌకాపట్టికలలో ముత్తాతలు

దక్షిణాఫ్రికాలోని నేటాల్ సీమయందు తమ పూర్వుల జాడ వెదకుకొను తెలుగువారికి దారిచూపు పరిశోధకుల విద్యను నేను మిక్కిలి గౌరవింతును. మదరాసునుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వఱకు హిందూదేశమునుండి ఒడంబడిక కూలీలై వచ్చిన దాదాపు 1,52,000 మందికి ఒక్కొక్క సంఖ్య నొసగి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గల గుర్తులు ఓడల పట్టికల కెక్కించుచు వచ్చిరి.

అయితే, తెలుగు చెవి లేని గుమాస్తా ఇంగ్లీషు లిపిలో వ్రాసికొన్న ఊరిపేరు కంటికి ఏమియు చెప్పదు. కావున పరిశోధకుడు దానిని పలుమాఱు పైకి చదివి, దీర్ఘమెక్కడ లోపించెనో, ళకారము లకారమెట్లయ్యెనో యోచించి, విశాఖపట్టణపు జిల్లా పటముపై వేలుంచి, పోలిన పల్లెల నొక్కటొక్కటిగా తాలూకాతో సరిచూచి, తుదకొక్కదానిని నిలుపును. ఎంత ఓర్పు! ఇంటిపేరు కానరానిచోట తండ్రిపేరే ఆధారము. నన్ను మిక్కిలి కదలించునది మాత్రము ఆ గుర్తుల గడియే: మోకాలిపై మచ్చ యని రెండు మాటలుండును, ఛాయాచిత్రమైనను మిగులని ముత్తాతను మునిమనుమరాలు ఆ మచ్చతోనే తొలిసారి చూచును.