ఎఱిగిన కథను చెప్పు తీరు: 1957 నాటి రెండు చిత్రములు

చలనచిత్ర కథనమును విమర్శించువారు సాధారణముగా నొక కొలబద్దను వాడుచున్నారు. తరువాత నేమి జరుగునో యను కుతూహలమును తుదివఱకు నిలిపినది మంచి కథనము. అది ముందే తీఱిపోయినచో లోపము. పరిశోధక విద్యార్థులు మాకు చూపు వ్యాసములలో పౌరాణిక చిత్రములను గూర్చి ‘కథ తెలిసినదే గావున ఉత్కంఠ లేదు’ అను వాక్యము తఱచుగా కనబడుచున్నది. ఈ తీర్పును మే మంగీకరింపలేము. ప్రేక్షకునికి కథ ముందే తెలిసి యుండుట కొన్ని సంప్రదాయములలో కథనమునకు పునాది. ఈ యంశమును రెండు చిత్రములతో పరిశీలింతము. ఒకటి జపానులో అకిరా కురొసావా తీసిన ‘కుమొనొసు-జో’, అనగా ‘సాలెగూటి కోట’. రెండవది కె. వి. రెడ్డి దర్శకత్వమున విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’. రెండును 1957లోనే వెలువడినవి. ఒకదాని నెఱిగి మఱియొకటి పుట్టినది కాదు. కనుకనే పోలికకు విలువ.

కురొసావా తీసికొన్నది షేక్స్పియర్ ‘మాక్బెత్’ కథ. కాని చిత్రారంభమున మనకు కనబడునది మంచు క్రమ్మిన బయలు, కోట యున్న చోటును తెలుపు నొక స్మారకస్తంభము. ఆశకు బలియైన వాని నాశమును బృందగానము ముందే చెప్పివేయును. తుదిలో మరల నదే దృశ్యము, అదే గానము. ఇది 14వ శతాబ్దిలో రూపు దిద్దుకొన్న ‘నో’ నాటకపు మార్గము. ఆ నాటకములలో పెక్కింట మృతవీరుని ప్రేతము బాటసారియైన సన్న్యాసి యెదుట నిలిచి, ముగిసిపోయిన తన కథను తానే చెప్పుకొనును. ఏమి జరుగునని అక్కడ నెవ్వరు నడుగరు. ఇసుజు యమాద ధరించిన నాయిక మొగము ముసుగువలె కదలదు. ఆమె పాదములు నేలను వీడక జాఱుచు సాగును. నిశ్శబ్దములో పట్టువస్త్రపు సవ్వడి మాత్రము వినవచ్చును. భావము తీవ్రమైన చోటుల కురొసావా కెమెరాను దగ్గఱకు జరుపుటకు బదులు దూరముగా నుంచెను. షేక్స్పియర్ కవిత్వము నాశించి పోయినవారికి నిరాశ తప్పదు. అయితే దర్శకుడు సంప్రదాయమునకు దాసుడు కాలేదు. కడపట నాయకునిపై నిజమైన బాణములు వచ్చి గ్రుచ్చుకొనునపుడు ‘నో’ నిశ్చలత యంతయు బ్రద్దలగును. అంతవఱకు పాటించిన నిగ్రహమే ఆ ఘట్టమునకు బలము.

‘మాయాబజార్’ విషయము మఱింత విచిత్రము. శశిరేఖా పరిణయము వ్యాసభారతమున లేదు. కవిత్రయ భారతమునను లేదు. అది జానపదుల నోటను, రంగస్థలముపైనను పెరిగిన కథ. సురభి నాటక సమాజములు దాని నూరూర ప్రదర్శించినవి. 1936లోనే ఒకసారి తెర కెక్కినది. కనుక పింగళి నాగేంద్రరావు రచన చేయునాటికి ప్రేక్షకులకు కథ కొట్టినపిండి. ఆ యెఱుకను నమ్మియే చిత్రములో పాండవుల నొక్కసారియైనను చూపలేదు. ప్రియదర్శిని పేటికలో బలరామునికి దుర్యోధనుడును, కృష్ణునికి శకునియు కనబడుదురు. రాబోవు కురుక్షేత్రము నెఱిగినవానికే ఆ రెండవ దృశ్యములోని చమత్కార మందును.

ఇక ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చిన ఘట్టము. ఆ దేహములో నెవరున్నారో మనకు తెలియును, లక్ష్మణకుమారునికి తెలియదు. సావిత్రి నడకలో రాక్షసుని ఠీవి తొంగి చూచినప్పుడెల్ల నవ్వు పుట్టుట కిదియే కారణము. ఈ మాయను దాచి తుదిలో బయలుపఱచినచో ఉత్కంఠ లభించెడిది, నవ్వు పోయెడిది. కుతూహలపు కొలబద్ద కీ నష్టము కనబడదు. దీనికి రససిద్ధాంతమును తెచ్చి ముడివేయుట కొందఱికి వాడుక. మాకది యవసరముగా తోచలేదు. హరిదాసు అసలు కథను నిలిపి పిట్టకథ చెప్పునపుడు శ్రోతలేల విసుగుకొనరో ఆలోచించిన చాలును.

పునాది యొకటే యైనను ఫలము వేఱు. జపాను చిత్రములో ముగింపు తెలియుటచే ప్రతి చర్యయు నిష్ఫలమని తోచి మనస్సు బరువెక్కును. తెలుగు చిత్రములో ప్రేక్షకుడు కృష్ణునితో కలిసి కుట్రలో భాగస్వామి యగును. బరువుకు మాఱుగా చనువు కలుగును. ఎఱుకపై నాధారపడిన కథనమునకు ఎఱుక యున్నంతవఱకే బలమను మాటయు దాచరాదు. తరువాతి పౌరాణికములు కొన్ని ఆ యెఱుకనే సాకుగా గొని కథనమును నిర్లక్ష్యము చేసినవి.

‘మాయాబజార్’ 2010లో రంగులతో మరల విడుదలయినది. పిమ్మట మేము దానిని తరగతిలో ప్రదర్శించితిమి. పరరాష్ట్రమునుండి వచ్చిన యొక విద్యార్థిని చిత్రము ముగియగానే, ‘పెండ్లికుమారుని తండ్రి యెక్కడ?’ అని యడిగినది. తక్కినవారు నవ్విరి. పలుమారులు చూచినవారే యైనను, వారిలో నెవ్వరికిని అంతకుముందా ప్రశ్న తోచలేదు.