ఎఫ్రాయిము అను పేరు: ఒక గ్రంథ విమర్శ

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రికులమని చెప్పుకొనుచున్నవి. యాకోబీ సహోదరుల నాయకత్వమున 1991లో వారు సమాజమందిరమును నెలకొల్పుకొనిరి. "బెనె ఎఫ్రాయిము" అనబడు ఈ సమాజముపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వ్రాసిన ఆంగ్ల గ్రంథము "ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్" 2013లో వెలువడినది. మన కోనసీమ కాపరులు దీనిని చదువవలెను.

వీరు నిజమైన యూదులా కాదా అని రచయితలు రక్తము కొలువలేదు. అది ఈ గ్రంథపు మొదటి మేలు. గొడ్డు మాంసము తినుట, మృతులను పాతిపెట్టుట ఊరివారి దృష్టిలో అంటరానితనపు గుర్తులు. ఈ సమాజము వాటినే ఇశ్రాయేలు ఆనవాళ్లుగా చదువుకొన్నది. ఈ భాగము చాల బలమైనది. అయితే కూలికి పోవు కుటుంబమునకు శనివారపు విశ్రాంతిదినము అనగా ఒక దినపు కూలి పోవుటయే. దీనిని మరచి వారి ఆచరణను తూచుట తగదు.

లోపమేమనగా, వీరి పూర్వ క్రైస్తవ జీవితము ఇందులో మనకు కావలసినంత లోతుగా కనబడదు. ఎఫ్రాయిము పేరు తెలుగు పల్లెకు తెచ్చినది మన తెలుగు బైబిలే కదా! సంఘములో ఆ పేరు విన్నవారు సంఘము వెలుపల దానిని ఎందుకు ధరించిరి?

"విదేశీ సహాయము కొరకే" అని మనలో కొందరు తేలికగా తీసివేయుదురు. ఈ మాట మన తాతలను కూడ అనిరి. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మములు ఆపెను. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందగా, కూటి కొరకు చేరిరని లోకము నవ్వెను.

పేరులో ఏమున్నదని మన ప్రాంతములో అనుటకు వీలులేదు. జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టు విషయమై 2022 మే నెలలో అమలాపురములో ఇండ్లు తగులబడినవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలతో కూడ, హిందువు, సిక్కు, బౌద్ధుడు కాని దళితుని షెడ్యూల్డు కులస్థునిగా ఎంచదు. అనగా యూదుడైనను, క్రైస్తవుడైనను కాగితముపై నష్టము ఒక్కటే. మాలపల్లెకొక మందిరము, మాదిగపల్లెకొక మందిరము కట్టుకొన్న మనము, ఆ నష్టమునకు ఓర్చి వచ్చినవారికి ఏ పేరు ఇచ్చితిమి? ఈ ప్రశ్న రచయితలు అడుగలేదు. అది వారి పని కాదు, మనది.