‘పట్టు’ నుంచి ‘సామర్థ్యం’ వరకు: పాత్ర లోకొలతను చెప్పే తెలుగు పరిభాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

ఒక పాత్రలో ఎంత ద్రవం పడుతుందో లెక్కించే అంశాన్ని తెలుగు గణిత పాఠాలు ‘ఘనపరిమాణం’, ‘సామర్థ్యం’ అనే రెండు పదాలతో చెబుతున్నాయి. ఈ పదాలు వాడుకలోని ‘పట్టు’ అనే క్రియకు, సంప్రదాయ కొలపాత్రల వ్యవస్థకు, ప్రాచీన ఖాతగణితానికి ఎంత దూరమయ్యాయో, ఆ దూరం వల్ల అవగాహనకు కలిగిన నష్టమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పట్టు, సామర్థ్యం, ఘనపరిమాణం, కొలపాత్రలు, ఖాతవ్యవహారం, పరిభాష.

1. ప్రస్తావన:

తెలుగులో శాస్త్ర రచన ఆధునిక కాలంలో మొదలైనది కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన ‘గణితసారసంగ్రహం’ పావులూరి మల్లన చేతిలో తెలుగు పద్యరూపం పొందింది. మల్లనను సాహిత్య చరిత్రకారులు సాధారణంగా 11వ శతాబ్దానికి చెందిన కవిగా పరిగణిస్తారు. తెలుగు కావ్యభాష రూపుదిద్దుకుంటున్న దశలోనే గణితాన్ని తెలుగులో చెప్పవచ్చునన్న విశ్వాసం ఉన్నదనడానికి ఇది నిదర్శనం. అటువంటి చరిత్ర గల భాషలో, బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయన్న ప్రశ్న పాఠంలోకి వచ్చేసరికి ఎందుకు అపరిచితమవుతున్నదన్నది విచారణీయం.

2. ‘పట్టు’ – క్రియలోని కొలత:

“ఈ బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయి?” అన్నది వాడుక ప్రశ్న. “పది లీటర్లు పట్టాయి” అన్న భూతకాల రూపంలో ధాతువు ‘పట్టు’ అని స్పష్టమవుతుంది. ఈ వాక్యంలో కర్త నీరు; పాత్ర ‘లో’ అనే విభక్తితో నిలుస్తుంది. అంటే కొలవవలసినది పాత్రను కాదు, పాత్ర లోపలి చోటును అన్న విషయాన్ని వ్యాకరణమే చెబుతున్నది. గదిలో పదిమంది పడతారు, పనికి గంట పడుతుంది అన్న ప్రయోగాలలోనూ ఇదే క్రియ ఉంది. చోటుకైనా కాలానికైనా ఇమిడే పరిమితిని సూచించడం దీని స్వభావం.

3. కొలపాత్రలు – పోసి చూసే లెక్క:

సంప్రదాయ కొలతలలో పాత్ర పేరే ప్రమాణం పేరు. ప్రాంతాన్ని బట్టి భేదాలున్నా, విస్తృతంగా కనిపించే ఒక వరుస ఇది: 4 గిద్దలు 1 సోల, 2 సోలలు 1 తవ్వ, 2 తవ్వలు 1 మానిక, 4 మానికలు 1 కుంచం, 4 కుంచాలు 1 తూము, 20 తూములు 1 పుట్టి. ఈ లెక్కన కుంచానికి 16 సోలలు, తూముకు 64, పుట్టికి 1,280. ఇక్కడ పొడవు, వెడల్పులతో పని లేదు. పోయడం, లెక్కపెట్టడం చాలు. పొట్ట ఉబ్బి, మెడ సన్నబడిన బిందెకు సులభమైన సూత్రం లేకున్నా, సోలతో పోసి చూస్తే కొలత తేలుతుంది. ధాన్యాన్ని అంచుపైన రాశిగా నిలపవచ్చు. పాలను, నూనెను అలా నిలపలేము. అందువల్ల రాశి కొలతకు, అంచు కొలతకు గల భేదం కూడా వాడుకరులకు తెలిసినదే.

తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చిన తరువాత దేశం దశలవారీగా మెట్రిక్ పద్ధతికి మారింది. 10 సెంటీమీటర్ల భుజం గల ఘనంలో పట్టేది 1 లీటరు. ఈ నిర్వచనంతో ద్రవపు కొలత పొడవు కొలతతో ముడిపడింది. పోసి చూడడం నుంచి గుణించి చూడడానికి జరిగిన ఈ మార్పు ప్రయోజనకరమైనదే. అయితే గుణించే ముందు ఏ పొడవును తీసుకోవాలో భాష స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

4. ‘ఘనపరిమాణం’, ‘సామర్థ్యం’ – అస్పష్టత:

బయటి కొలతలు 100, 60, 50 సెంటీమీటర్లు ఉన్న, మూత లేని రాతితొట్టిని ఉదాహరణగా తీసుకోవచ్చు. గోడల, అడుగు మందం 5 సెంటీమీటర్లు. బయటి కొలతలను గుణిస్తే 300 లీటర్లకు సమానమైన ఘనపరిమాణం వస్తుంది. లోపలి కొలతలు 90, 50, 45. వాటి లబ్ధం 202.5 లీటర్లు. తేడా అయిన 97.5 లీటర్లు రాయి ఆక్రమించిన చోటు. “తొట్టి ఘనపరిమాణం” అన్న పదబంధం ఈ మూడింటిలో దేనినైనా సూచించగలదు. “తొట్టిలో పట్టే నీరు” అన్నప్పుడు ఆ సందిగ్ధతకు తావు లేదు.

‘సామర్థ్యం’ అన్న పదం లోకొలతకే ఉద్దేశించినదైనా దానికి మరొక చిక్కు ఉంది. భౌతికశాస్త్రంలో అదే పదం పని జరిగే రేటును సూచిస్తుంది. సామాన్య వ్యవహారంలో అది మనిషి నేర్పును తెలుపుతుంది. ఒకే తరగతి విద్యార్థి గణితంలో లీటర్లకు, భౌతికశాస్త్రంలో వాట్లకు ఒకే పదాన్ని వాడవలసి రావడం పరిభాషా నిర్మాణంలోని లోపం.

5. ఖాతగణితం – వ్యావహారికం, సూక్ష్మం:

ప్రాచీన గణితం ఈ విషయంలో భాషాపరంగా మరింత జాగ్రత్త వహించింది. ‘గణితసారసంగ్రహం’లో తవ్విన గుంటల లెక్కకు ‘ఖాతవ్యవహారం’ అనే ప్రత్యేక ప్రకరణం ఉంది. ‘ఖాతం’ అంటే తవ్వబడినది. కొలవవలసినది బోలు చోటే అని పేరే సూచిస్తున్నది. పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండే గుంటకు బ్రహ్మగుప్తుడు 628లో రచించిన ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో మూడు ఫలితాలను వేరుచేశాడు. పై, కింది భుజాల సగటును వర్గం చేసి లోతుతో గుణిస్తే ‘వ్యావహారిక’ ఫలం. రెండు వైశాల్యాల సగటును లోతుతో గుణిస్తే ‘ఔత్ర’ ఫలం. వాటి తేడాలో మూడోవంతును మొదటిదానికి కలిపితే ‘సూక్ష్మ’ ఫలం. మహావీరాచార్యుడు మొదటి రెండింటినీ ‘కర్మాంతికం’, ‘ఔండ్రం’ అన్నాడు.

పైభుజం 60, అడుగుభుజం 30, లోతు 40 సెంటీమీటర్లు ఉన్న చతురస్రపు తొట్టికి ఈ పద్ధతిని అన్వయిస్తే వ్యావహారికం 81 లీటర్లు, ఔత్రం 90 లీటర్లు. తేడా 9, అందులో మూడోవంతు 3. కాబట్టి సూక్ష్మ ఫలం 84 లీటర్లు. నేటి సూత్రంతోనూ ఇదే వస్తుంది. పనికి సరిపోయే లెక్కకు, ఖచ్చితమైన లెక్కకు వేర్వేరు పేర్లు పెట్టడం ఇక్కడ గమనార్హం. ఎంత పొరపాటును అంగీకరిస్తున్నామో ఆ పేరే ఒప్పుకుంటున్నది. తుది సూత్రాన్ని మాత్రమే అప్పగించే పాఠం ఈ వివేకాన్ని అందించలేదు.

దీనికి నిత్యవ్యవహారంలో ప్రాధాన్యం ఉంది. పై తొట్టిలో నీరు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే చూపుకు సగం నిండినట్లే. అయితే ఆ మట్టం వద్ద భుజం 45 సెంటీమీటర్లు. లోపల ఉన్నది 28.5 లీటర్లు, అంటే మొత్తంలో మూడోవంతుకు స్వల్పంగా మించినది. ఎత్తులో సగాన్ని సగం సరుకుగా ఒప్పుకొని కొనేవారు 13.5 లీటర్లు నష్టపోతారు.

6. ముగింపు:

‘పట్టు’కు వస్త్రం, పిడికిలి బిగువు వంటి అర్థాలు కూడా ఉన్నందున అది శాస్త్రపదంగా నిలవదన్న ఆక్షేపణ రావచ్చు. నామంగా వాడినప్పుడు ఆ ఆక్షేపణ సబబే. ‘పడుతుంది’ అన్న క్రియారూపానికి అది వర్తించదు. పరీక్షలలో స్థిరపడిన ‘సామర్థ్యం’ను తొలగించవలసిన అవసరమూ లేదు. “పాత్రలో అంచు వరకు పట్టే ద్రవం ఎంతో, అదే దాని సామర్థ్యం” అన్న వాక్యంతో పాఠం మొదలై, పోసి కొలవడం, లోపలి కొలతలతో గుణించడం, రెండు ఫలితాలనూ పోల్చడం అన్న క్రమంలో సాగితే చాలు. అప్పుడు సంస్కృత పదానికి తెలుగు క్రియ ఆధారమవుతుంది. శాస్త్రాన్ని తెలుగులోకి తేవడమంటే పదాలను మార్చడం మాత్రమే కాదు. వాడుకభాషలో అప్పటికే ఉన్న జ్ఞానాన్ని గుర్తించడం కూడా.