ఉద్యోగపర్వమున సంధి ప్రసంగము – ఒక పరామర్శ

శ్రీకృష్ణరాయబారము తెలుగువారికి పరిచితమైనంతగా మఱియొక భారత ఘట్టము పరిచితము కాదనుట అతిశయోక్తి కాదు. అయితే ఆ పరిచయము చాలవఱకు తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ' నాటకము వలనను, రంగస్థలమున రాగయుక్తముగా వినిపించు పద్యముల వలనను కలిగినది. ప్రేక్షకుని చెవిలో నిలిచిపోవునవి యుద్ధభయమును గొలుపు పద్యములే. అందుచేత రాయబారము యుద్ధమునకు నాంది మాత్రమే యనియు, కృష్ణుడు సంధిని గోరక లోకాపవాదము తొలగించుకొనుటకే హస్తినకు వచ్చెననియు నొక యభిప్రాయము విద్యార్థులలోనే గాక బోధకులలో కూడ నాటుకొనినది. ఈ యభిప్రాయము తిక్కన రచనకు న్యాయము చేయదని మా తలంపు. ఉద్యోగపర్వమును ఒక భూవివాద పరిష్కార ప్రయత్నముగా చదివినచో నేమి తేలునో ఇందు చూతము.

ఇట్లు చదువుటకు కవి జీవితమే ప్రథమ హేతువు. తిక్కన మంత్రి. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడైనపుడు తిక్కన ఓరుగల్లునకేగి కాకతి గణపతిదేవుని సాహాయ్యము సంపాదించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మనుమసిద్ధికే పచ్చికబయళ్ల పుల్లరి విషయమున కాటమరాజుతో వైరము కలిగి, అది పంచలింగాల యుద్ధముగా పరిణమింపగా, కవికి జ్ఞాతియైన ఖడ్గతిక్కన అందు మడసెనని కథ. ఈ కథలలో చరిత్ర యెంత, కల్పన యెంత అను విచారణ వేఱు. ఎల్లల తగవు ఎట్లు పుట్టునో, రాయబారి మాట యెంతవఱకు సాగునో సభలలో మెలగి యెఱిగిన వాడు ఈ పర్వమును తెనిగించెనన్న విషయము మాత్రము విస్మరింపరానిది.

పర్వమున సంధియత్నము నాలుగు మెట్లుగా నడచినది. ద్రుపదుని పురోహితుడు కౌరవసభలో పాండవుల హక్కును చెప్పినాడు. పిమ్మట ధృతరాష్ట్రుని పక్షమున సంజయుడు ఉపప్లావ్యమునకు వచ్చి శాంతిని కోరినాడు, భూమి మాట యెత్తలేదు. యుద్ధముచే రాజ్యము గొనుట కంటె భిక్షాటనము మేలని హితవు మాత్రము పలికినాడు. మూడవ మెట్టున ధర్మరాజు తన కోరికను అయిదూళ్లకు తగ్గించుకొనినాడు. తుదకు కృష్ణుడే హస్తినకు పోయినాడు.

అయిదూళ్లు కూడ ఏల దొరకలేదు? దుర్యోధనుని లోభమే కారణమని సాధారణముగా చెప్పుదురు. ఇది అసత్యము కాదు గాని అసమగ్రము. విశాల రాజ్యమేలు వానికి అయిదూళ్లు లెక్కలోనివి కావు. సూదిమొన మోపినంత నేలయు నీయనని పంతగించిన వాడు నేలను కొలుచుట లేదు. అతని ప్రత్యుత్తరమును శ్రద్ధగా చూచినచో మఱియొక వాదము కనబడును. తాను బాలుడై పరాధీనుడై యున్నపుడు పెద్దలు అజ్ఞానము చేతనో భయము చేతనో ఈయరాని రాజ్యభాగమును పాండవుల కిచ్చిరనియు, అది యిక చెల్లదనియు అతని వాదము. అనగా తగవు పరిమాణమును గూర్చినది కాదు, స్వత్వమును గూర్చినది. అర్ధరాజ్యమిచ్చినను అయిదూళ్లిచ్చినను పాండవులకు హక్కు కలదని ఒప్పుకొనినట్లే. ధర్మరాజు పరిమాణమును తగ్గించెను గాని స్వత్వ ప్రశ్న తగ్గలేదు. ఆతని యౌదార్యము గుఱి తప్పిన బాణమైనది.

కృష్ణుడు విదురునితో నాడిన మాటలను మా వాదమునకు ప్రతికూలముగా చూపవచ్చును. కార్యము ఫలింపకున్నను యత్నించుట ధర్మమనియు, సమర్థుడయ్యు వారింపలేదని లోకము తన్ను నిందింపరాదనియు ఆతడు చెప్పిన మాట నిజము. కాని రోగము అసాధ్యమని శంకించిన వైద్యుడు మందీయకుండునా? ఇచ్చిన మందు కపటమగునా? సభలో కృష్ణుడు మొదట ధృతరాష్ట్రుని సంబోధించి కురువంశ ప్రతిష్ఠను కొనియాడినాడు. పాండవులు రక్షకులుగా నుండిన కలుగు మేలును వివరించినాడు. ప్రజలు నశింపకుండ కాపాడుమని వేడినాడు. కర్ణునితో భేదోపాయము పలికినది సంధి విఫలమైన పిమ్మటనే. సామము ముందు, భేదము వెనుక నుంచిన ఈ క్రమమే ఆతని చిత్తశుద్ధికి సాక్ష్యము. రంగస్థలము ఈ క్రమమును చెఱుపలేదు గాని, సామమును మఱుగుపఱచి బెదరింపునే మిగిల్చినది.

స్వత్వ పరిమాణముల భేదమును స్పష్టపఱచుటకు మన కాలపు వివాద మొకటి తోడ్పడును. భారత బంగ్లాదేశముల సరిహద్దున, కూచ్ బెహారు ప్రాంతమున, ఒక దేశపు గ్రామఖండములు మఱియొక దేశము నడుమ చిక్కుకొని యుండెను. పూర్వము కూచ్ బెహారు రాజును రంగపురపు ఫౌజుదారును జూదమున ఊళ్లను పణముగా నొడ్డుటచే ఇవి యేర్పడెనని జనశ్రుతి. చరిత్రకారులు దీనిని నమ్మరు, 18వ శతాబ్ది ఆదిని మొగలులతో జరిగిన సంధిని కారణముగా చెప్పుదురు. అయినను ద్యూతమున పోయిన నేల యను భావము భారత పాఠకునికి క్రొత్తది కాదు.

1958లో నెహ్రూ-నూన్ ఒడంబడిక, 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహమానుల ఒడంబడిక జరిగినవి. 2015లో నూఱవ రాజ్యాంగ సవరణముతో, జులై 31 అర్ధరాత్రమున, 111 భారత ఖండములు బంగ్లాదేశమునకును, 51 బంగ్లాదేశ ఖండములు భారతమునకును చెందినవి. మొదటివి సుమారు 17,160 ఎకరములు, రెండవవి సుమారు 7,110 ఎకరములు. లెక్కకు భారతము నష్టపోయినట్లే. కాని వారు ఎకరములను తూచుకొనలేదు. తీన్ బీఘా అను చిన్న దారి విషయమున స్వత్వమును భారతము నిలుపుకొని, దహగ్రామ్-అంగర్పోతా వాసులకు రాకపోకల హక్కు నిచ్చినది. హక్కును వాడుకను వేఱుచేయుట అన్న ఈ యుపాయము ఉపప్లావ్యమున నెవ్వరికిని తోచలేదు.

అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. ఆ ఖండముల వాసులను ఏ దేశపు పౌరులుగా నుందురని అడిగిరి. తొమ్మిది వందలకు పైబడిన వారు భారతమునకు తరలివచ్చిరి, తక్కినవారు ఉన్న నేలనే యుండిరి. కృష్ణుడు ప్రజలను కాపాడుమన్నాడు, కాని ఆ అయిదూళ్ల ప్రజలను ఎవరి యేలుబడి కోరుదురని అడిగిన వారు పర్వమున కానరారు. ఇది కవి లోపము కాదు, నాటి రాజధర్మపు ఎల్ల. 2015 నాటి పరిష్కారమును నిర్దుష్టమని మేము చెప్పము. సంతకమునకు ఫలమునకు నడుమ నలువదియొక్క సంవత్సరములు గడచినవి. ఆ కాలమున పౌరులుగా నుండియు ఏ దేశపు రక్షణయు దక్కక బ్రదికినవారి కష్టమును ఏ లెక్కయు తీర్చదు. అయినను ఒక్క యక్షౌహిణి కదలకయే ఆ తగవు తీఱినది.

కావున ఉద్యోగపర్వము సంధి అసాధ్యమని చెప్పు కావ్యము కాదు. సంధి యెచ్చట తెగెనో చూపు కావ్యము. ఆ తెగిన చోటు కృష్ణుని చిత్తము కాదు, నేలకును మానమునకును ముడిపడిన గ్రంథి. పరిశోధక విద్యార్థులు వ్యాసుని మూలమును తిక్కన తెనుగును ఈ దృష్టితో సరిపోల్చి, సంజయుని మాటలో, దుర్యోధనుని ప్రత్యుత్తరములో తిక్కన దేనిని నిలిపెనో, దేనిని విడిచెనో పరిశీలింతురుగాక. రంగస్థల పద్యముల మ్రోతలో అణగిన సామవాక్యము అప్పుడు మరల వినబడగలదు.