డాక్టరు పెళ్లికొడుకు

మొన్న మా పెద్దాడపడుచు కూతురు ప్రసవించింది. మనవడు పుట్టాడని మురిసిపోవాల్సిన మా వదిన, ఆసుపత్రి వరండాలో బిల్లు కాగితం పట్టుకుని విసనకర్రలా విసురుకుంటూ కూర్చుంది.

"చూశావుటే! పట్టపగలు దోపిడీ! కోతకో లెక్కట, కుట్టుకో లెక్కట. దూదిక్కూడా విడిగా రాశారు" అంది.

నేను ఊఁ కొట్టాను. ఆసుపత్రి పేరు మీకెందుకు గానీ, మా విశాఖపట్నంలో ఇలాంటి వరండాలకు కొదవ లేదు.

పది నిమిషాలైనా కాలేదు. తెల్లకోటు వేసుకున్న డ్యూటీ డాక్టరొకడు మా ముందు నుంచి చకచకా వెళ్లాడు. మా వదిన చూపులు అతని వెనకాలే మలుపు దాకా వెళ్లొచ్చాయి.

"కుర్రాడు బావున్నాడే. పెళ్లయిందో లేదో ఆ నర్సునడిగి కనుక్కో. మన చిన్నదానికి చూద్దాం. గాజువాకలో సైటుందిగా, అది రాసిచ్చేస్తే కాదంటారా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే బావుండదని కిటికీలోంచి బయటికి చూశాను. సముద్రం కనబడుతుందేమోననుకున్నాను. ఎదురుగా ఇంకో ఆసుపత్రి బోర్డు కనబడింది.

చేతిలో ఉన్న బిల్లూ, గాజువాకలో ఉన్న సైటూ ఒకే ఖాతాలోవని మా వదినకు తట్టలేదు. ఆవిడనని ఏం లాభం? చిన్నప్పటి నుంచి ఆవిడ చదివిన నవలల్లో, చూసిన సినిమాల్లో ఆ సంగతి లేదు. రాయవలసిన వాళ్లం మేం. అందుకే ఈ వారం కొన్ని పాత కథల్ని బోనెక్కిద్దామనుకుంటున్నాను. వాటిలో నాదీ ఒకటుంది.

మా అమ్మ ట్రంకుపెట్టెలో బైండు చేయించిన సీరియళ్లుండేవి. మీ అమ్మల పెట్టెల్లోనూ ఉండే ఉంటాయి. వాటిల్లో ఎన్నిట్లోనో కథానాయకుడు డాక్టరే. తెల్లకోటు, తెల్లకారు, కోటు జేబులో స్టెతస్కోపు. నాయికకు జ్వరం తగలగానే నాడి చూడడానికి వస్తాడు. నాడి దొరికాక ప్రేమ, ప్రేమ దొరికాక అపార్థం, ఆ పైన శుభం. ఆ డాక్టరు ఫీజెంతో ఏ సీరియల్లోనూ చదివిన గుర్తు లేదు నాకు.

మంచి ఉదాహరణే తీసుకుందాం. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. ఆదుర్తి సుబ్బారావుగారు తీశారు. నంది బహుమతులు పెట్టిన తొలి ఏడాది ఉత్తమ చిత్రం అదే. చనిపోయిన చెల్లెల్ని ఇంకో స్త్రీలో చూసుకున్న మనిషిని లోకం అనుమానిస్తే ఎంత నరకమో ఆ కథ చెబుతుంది. ఈనాటికీ కంట తడి పెట్టిస్తుంది. కాని చక్రవర్తి డాక్టరు కాక ప్లీడరయినా ఆ నరకం అంతే కదా! వైద్యం ఆ కథకు చీరంచు లాంటిది. అందం తెస్తుంది, ఒంటిని కప్పదు.

నలభై ఏళ్లు తిరిగేసరికి దేవుడు దయ్యమయ్యాడు. 2003లో వచ్చిన 'ఠాగూర్' మీరందరూ చూసే ఉంటారు. చిరంజీవి ఒక శవాన్ని పెద్ద ఆసుపత్రికి తీసుకెళతాడు. వాళ్లు శవానికే వైద్యం చేసి, డబ్బు కట్టించుకుని, ఆ తర్వాత పోయాడని చెబుతారు. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. అది ఊరికే పుట్టిన కోపమా? కిడ్నీల అమ్మకాన్ని నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చినా, 2019లోనూ, 2023లోనూ మన విశాఖలోనే కిడ్నీల వ్యాపారం కేసులు పత్రికలకెక్కాయి.

అయినా ఆ సినిమాతో నాకో పేచీ ఉంది. దయ్యాన్ని చూసి వచ్చినవాళ్లం, మన ఇంటికి దయ్యం రాలేదు గదా అని నిశ్చింతగా పడుకుంటాం. మా వదిన బిల్లులో శవం లేదు. తల్లీ పిల్లాడూ క్షేమం. డాక్టరమ్మ మంచిదే, నవ్వుతూ పలకరించింది. దేవుడూ దయ్యమూ కాని ఆ మామూలు మనిషి చేత ఆ బిల్లు ఎవరు రాయించారన్నదే అసలు కథ.

ఆ మామూలు మనిషిని మన ఊళ్లోనే ఒకావిడ ఎప్పుడో పట్టుకుంది. డాక్టర్ పి. శ్రీదేవి. 1923లో పుట్టిన మన ఆంధ్ర వైద్య కళాశాలలోనే చదువుకుంది. 'తెలుగు స్వతంత్ర'లో 1957-58లో వచ్చిన ఆవిడ 'కాలాతీత వ్యక్తులు' చదివినవాళ్లు ఇందిరను మరచిపోరు. నేను మాత్రం ప్రకాశాన్ని మరచిపోలేను. వైద్యం చదువుతున్న కుర్రాడు. చెడ్డవాడు కాదు. కాస్త ప్రేమ, కాస్త జాలి, కావలసినంత పిరికితనం. పెద్దవాళ్ల మాటకు ఎదురు నిలవలేడు. తనే డాక్టరైన శ్రీదేవికి, తెల్లకోటు తొడిగినంత మాత్రాన పిరికివాడికి ధైర్యం రాదని తెలుసు. 1961లో చిన్నవయసులోనే ఆవిడ పోయింది. ఆ ప్రకాశం ప్రాక్టీసు పెట్టి, పెద్దవాళ్లకు తలవంచినట్టే యజమానికీ తలవంచే నవల మనకు రాసిపెట్టి లేదు.

ఇంగ్లీషులో అలాంటిది ఒకటుంది. తనూ వైద్యుడే అయిన క్రోనిన్ 1937లో 'సిటాడెల్' రాశాడు. గని కార్మికుల మధ్య నిజాయితీగా పనిచేసిన యువ డాక్టరు లండన్ చేరతాడు. ఒంట్లో బాగానే ఉన్న ధనవంతురాళ్లకు సూదిమందులు వేస్తాడు. నలుగురు స్నేహితులు రోగుల్ని ఒకరి దగ్గరికొకరు పంపుకుని ఫీజులు పెంచుకుంటారు. చివరికి వాళ్లలో ఒక సర్జన్ చేతకానితనానికి ఓ పేదవాడు బల్లమీదే ప్రాణం విడుస్తాడు. అతని భార్య క్రిస్టీన్ మాత్రం మొదటి నుంచీ ఆ డబ్బును చూసి బెదురుతూనే ఉంటుంది. మన నవలల్లో ఏ డాక్టరు భార్య అయినా, "ఇవాళ ఇంత ఎక్కడిది?" అని మొగుణ్ణి అడిగిందా? 1948లో బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం ఏర్పడడానికి ఆ నవల కూడా జనం మనసుల్ని సిద్ధం చేసిందంటారు. నవలకు ఆ శక్తి ఉందన్నమాట.

ఇక మన వరండాకు వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63 కాన్పులు ఆపరేషన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 27 లోపు. తెలంగాణ ప్రైవేటులో 81 దాటింది. నూటికి 10, 15కు మించి అవసరముండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. కోతతో ప్రాణాలు దక్కిన తల్లులు లక్షలమంది ఉన్నారు, కాదనను. కష్టమైన కేసులు కె.జి.హెచ్. లాంటి పెద్దాసుపత్రికే చేరతాయి కూడా. అయినా అక్కడి తల్లుల కంటే డబ్బున్న తల్లులకే ఎక్కువ కోతలెందుకు పడుతున్నాయి?

లాభం ఒక కారణం. డాక్టర్ల భయం ఇంకోటి, ఏదన్నా అయితే అద్దాలు పగలగొడతాం కదా! మూడో కారణం మనం. మా వదిన వారం ముందే సిద్ధాంతిగారి చేత ముహూర్తం పెట్టించి, ఆ చీటీ తీసుకెళ్లి డాక్టరమ్మకిచ్చింది. బిల్లు గురించి కేకలేసేటప్పుడు ఆ చీటీ ఆవిడకు గుర్తు రాలేదు.

చట్టాలు లేవనుకునేరు! కట్నం కూడదని 1961లో, మన రాష్ట్రంలో కాలేజీలు క్యాపిటేషన్ ఫీజు పుచ్చుకోకూడదని 1983లో, రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోకూడదని 2002లో రాసుకున్నాం. సీటు కొన్న తండ్రి ఆ సొమ్మును కట్నంలో రాబట్టుకుంటాడు. కట్నమిచ్చిన మామగారు అల్లుడు నర్సింగ్‌హోమ్ ఎప్పుడు కడతాడని అడుగుతాడు. కట్టాక బ్యాంకు వాయిదా అడుగుతుంది. ఆ వాయిదా వరండాలో కూర్చున్న వాళ్లు కడతారు. మూడు చట్టాలూ గోడమీద పటాల్లా చూస్తూ ఉంటాయి.

ఈ చక్రంలో చిక్కని డాక్టర్లు మనకు లేకపోలేదు. మూడు ప్రశ్నలు వేసి, పరీక్షలేం అక్కర్లేదమ్మా అని పంపేసేవాళ్లని నేనెరుగుదును. వాళ్లకు సంబంధాలు చూసేటప్పుడు మాత్రం, "ప్రాక్టీసు అంతగా లేదుట" అంటాం.

ఇదంతా బుర్రలో తిరుగుతుంటే ఉండబట్టలేక అడిగేశాను. "ఆ సైటు వదులుకుంటాం సరే వదినా, ఆ కుర్రాడి చదువుకు పోసిన డబ్బు, రేపు కట్టబోయే ఆసుపత్రి డబ్బు ఎవరిస్తారంటావు?"

మా వదిన బిల్లు కేసి చూసింది. నాకేసి చూసింది. తర్వాత తాపీగా అంది:

"నీ నవల్లో ఆ పిల్లని డాక్టరుకే ఇచ్చి చేశావు కదే! రెండు రాత్రులు నిద్రపోకుండా చదివాను. వాళ్లేం అడిగారో, వీళ్లేం ఇచ్చారో ఒక్క ముక్క రాయలేదేం?"

నోట మాట రాలేదు నాకు. ఆ పెళ్లికి మామిడాకులు కట్టాను, సన్నాయి పెట్టించాను, అక్షింతలు వేయించాను. పెట్టుపోతల మాట ఎత్తితే కథ అందం చెడుతుందని దాటేశాను.

లోపల పసివాడు క్యారుమన్నాడు. మా వదిన గబగబా లేచి వెళుతూ బిల్లు నా ఒళ్లో పడేసింది. ఇంటికొచ్చాక దాన్ని పారేయలేదు, కొత్త నవల కాగితాల పైన పెట్టుకున్నాను. డాక్టరు ఆ కథలోనూ ఉన్నాడు. ఈసారి ఫీజెంతో రాస్తాను.